జ్వరం రాని మనిషి

మా సీనియర్ గారి ఆఫీసు కంప్యూటర్లో ‘జ్వరం’ అనే పేరుతో ఒక ఫైలు ఉండేది. ఎవరైనా కోర్టుకు రాకపోతే, ఎందుకు రాలేదో చెప్పాల్సి వచ్చినప్పుడు అది తెరిచేదాన్ని. పేరు మార్చు, తండ్రి పేరు మార్చు, తేదీలు మార్చు, ప్రింటు తియ్యి. ‘నేను తీవ్రమైన జ్వరంతోనూ కామెర్లతోనూ మంచం పట్టి ఉన్నందువల్ల’ అన్న వాక్యం మాత్రం ఎవరి కోసమూ మారేది కాదు. మా క్లయింట్లలో కామెర్లు రాని వాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఒక పహిల్వాన్‌కు కూడా తెప్పించాను.

బయటివాళ్ళు కోర్టంటే నల్లకోట్లు, వాదనలు, తీర్పు అనుకుంటారు. నా మొహం. దావా ఒకటే, దాని కడుపులో పుట్టే పిటిషన్లే మా బతుకు. జవాబు రాయడానికి గడువు కావాలంటే ఒక పిటిషన్. రాసినదాంట్లో తప్పు దొర్లితే దిద్దుకోవడానికి ఇంకొకటి. స్థలం చూసి రమ్మని కమిషనర్‌ను పంపించాలన్నా, అవతలివాడు గోడ లేపకుండా ఆపాలన్నా అదే పని. వాయిదాకు మనం వెళ్ళకపోతే కోర్టు మనల్ని ఎక్స్‌పార్టీ చేస్తుంది, అంటే మనం లేకుండానే కేసు విని తేల్చేస్తుంది. దాన్ని రద్దు చెయ్యమని ఒకటి పెట్టాలి. అది పెట్టడం ఆలస్యమైతే ఆ ఆలస్యాన్ని మన్నించమని మరొకటి. ప్రతి పిటిషన్‌కూ వెనకాల ఒక అఫిడవిట్ ఉండాలి. అఫిడవిట్ అంటే దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పే మాట. ఆ మాట మా కంప్యూటర్లో ముందే టైపై కూర్చుని ఉండేది. నాలుగేళ్ళు ప్రాక్టీసు చేశాక కూడా నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. అందరూ చేసేదే కదా అనుకున్నాను.

నాకు ఓపిక తక్కువ. కడుపులో ఉన్నప్పుడు కూడా కుదురుగా లేవని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. గుంటూరు వైపు నుంచి వచ్చి నేరేడ్‌మెట్‌లో స్థిరపడ్డ ఇల్లు మాది. పొద్దున్నే స్కూటీ మీద బయల్దేరి, సిగ్నళ్ళ దగ్గర నన్ను నేనే తిట్టుకుంటూ సికింద్రాబాద్ కోర్టుకు చేరేదాన్ని. పదిన్నరకు ఆ రోజు కేసులన్నీ వరసగా పిలుస్తారు. మా సీనియర్ గారివి ఒక్కోసారి మూడు హాళ్ళలో ఒకేసారి ఉండేవి. నాకున్నవి రెండు కాళ్ళు. అందుకని మా జూనియర్లలో ఒక ఏర్పాటు ఉంది. ‘మా కేసు పిలిస్తే కాస్త లేచి, వాళ్ళ లాయరు పక్క హాల్లో ఉన్నారని చెప్పు’ అని ఒకరికొకరు అప్పజెప్పుకుంటాం. ఎవరి కేసుకు ఎవరు లేచి నిలబడతారో క్లయింట్లకు తెలియదు. తెలిస్తే భయపడతారు.

మా క్లయింటు ఒకామెది చిలకలగూడలో టైలర్ దుకాణం. రోడ్డు మీదికి తెరుచుకునే ఒక్క గది, అందులో రెండు మిషన్లు, గోడ పొడుగునా పాత క్యాలెండర్ల వెనక వైపు రాసుకున్న జాకెట్ల కొలతలు. పెళ్ళికాకముందు కొలతలు ఇచ్చిన ఆడవాళ్ళు ఇప్పుడు కూతుళ్ళను వెంటబెట్టుకుని వచ్చేవారు. గది అద్దెకిచ్చిన ఇంటాయన ఆ పాత ఇల్లు పడగొట్టి అంతస్తులు లేపాలనుకున్నాడు. గది ఖాళీ చెయ్యమని దావా వేశాడు. ఆమె అడిగిందల్లా కొత్త కట్టడంలో తనకూ కింద ఒక గది ఇస్తానని కాగితం మీద రాసివ్వమనే. ఆయన రాయనన్నాడు. ఆ వీధి దాటితే తనను వెతుక్కుంటూ ఎవరూ రారని ఆమెకు తెలుసు. యాభై దాటిన మనిషి, కొత్త వీధిలో మళ్ళీ మొదటి జాకెట్టు నుంచి మొదలుపెట్టాలి. జవాబు దాఖలు చేశాం, కేసు బాగానే నడుస్తోంది. ఫైలు నాకు అప్పగించారు.

ఒక వానాకాలం వాయిదా రోజు. ఆమెను హాలు బయట, లోపలి పిలుపు వినిపించని బెంచీ మీద కూర్చోమని చెప్పి నేను పై అంతస్తులో ఇంకో కేసుకు పరిగెత్తాను. ఈమె కేసు పిలిస్తే చెప్పమని ఒక స్నేహితుడికి అప్పజెప్పాను. ఒంటిగంటకు దిగి వచ్చేసరికి అతను మెట్ల మీద ఎదురయ్యాడు.

“మా కేసు ఏమైంది?”

“అడిగాను. వాయిదా వేసుంటారు,” అన్నాడు, ఫోను చూసుకుంటూ.

‘వేసుంటారు’ అన్న మాట పట్టుకుని నేను ఆమె దగ్గరికి వెళ్ళి “వాయిదా పడిందమ్మా, వెళ్ళిరండి” అన్నాను. డైరీలో పెన్సిల్‌తో ‘తేదీ చూడాలి’ అని రాసుకున్నాను. మళ్ళీ చూస్తే ఒట్టు. ఇప్పుడు కేసు నంబరు కొడితే ఫోనులోనే అంతా కనిపిస్తుంది, అర నిమిషం పని. నెల తర్వాత ఆమె ఫోన్ చేసి “మళ్ళెప్పుడు రావాలె బిడ్డా?” అని అడిగింది. అప్పుడూ చూడలేదు. నేనే ఫోన్ చేస్తాలెండి అన్నాను. ఆ రోజు ఏ పనిలో ఉన్నానో కూడా గుర్తులేదు.

ఇంకో నెల గడిచాక ఒక సోమవారం మధ్యాహ్నం ఆమె దగ్గర్నుంచి ఫోను వచ్చింది. వెనకాల ఎవరెవరో అరుస్తున్నారు. కోర్టు ఆర్డర్లు అమలుచేసే అమీనా వారంటుతో వచ్చి గది ఖాళీ చెయ్యమంటున్నాడని చెప్పింది.

“నువ్వు వాయిదా పడ్డదంటివి గద బిడ్డా. ఈయనేమో కేసు ఎప్పుడో అయిపోయిందంటున్నడు. ఏందిది?”

ఆమె లైనులో ఉండగానే ఇంకో ఫోనులో కేసు నంబరు కొట్టాను. ఆ వానాకాలం రోజునే ఎక్స్‌పార్టీ చేశారు. తర్వాతి వాయిదాకే గది ఖాళీ చెయ్యాలని డిక్రీ అయిపోయింది.  అవతల ఆమె “ఉన్నవా? ఉన్నవా?” అంటోంది. ఉన్నానమ్మా అన్నాను. చుట్టుపక్కలవాళ్ళు బతిమిలాడితే అమీనా గురువారం పన్నెండింటి వరకు ఆగుతానన్నాడట. అంతే, మూడు రోజులు.

సీనియర్ గారు విని నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్ళజోడు తీసి తుడుచుకుని “రద్దు పిటిషన్ ఒకటి, ఆలస్యం మన్నింపు ఒకటి, అమలు ఆపమని స్టే పిటిషన్ ఒకటి. మూడూ రేపు సాయంత్రానికి రెడీ చెయ్యి” అన్నారు.

“కారణం ఏం రాయమంటారు సార్?”

“కొత్తగా అడుగుతావేమ్మా? ఫైలుంది కదా.”

మంగళవారం మధ్యాహ్నానికి ఆమె ఆఫీసుకు వచ్చింది. చీర కొంగున దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. ఇందాకటి దాకా కుడుతూనే ఉందన్నమాట. కాగితాలు ముందు పెట్టి సంతకం చేయాల్సిన చోట్ల పెన్సిల్‌తో టిక్కులు పెట్టాను. మామూలుగా జనం టిక్కులు చూసుకుని సంతకాలు పెట్టేసి ‘ఇంకేమన్నా ఉన్నదా మేడం’ అంటారు. ఆమె పెన్ను తీసుకోలేదు.

“ఏం రాసినవ్ గిండ్ల? జెర సదివి చెప్పు.”

“ఏం లేదమ్మా, మామూలుగా రాసేదే.”

“మామూలుదే సదువు.”

నాకు చిరాకేసింది. గడియారం చూసుకుంటూ ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో గబగబా చెప్పుకుపోయాను. కామెర్ల దగ్గర ఆమె చెయ్యెత్తింది.

“నాకు కామెర్లు ఎప్పుడయినయి?”

“అలా రాస్తేనే ఒప్పుకుంటారమ్మా. అందరికీ అలాగే రాస్తాం. డాక్టరు సర్టిఫికెట్ కూడా సార్ తెప్పిస్తారు.”

“నేను ఆ దినం ఆడనే ఉంటిని. పొద్దుగాల పదింటికెల్లి బెంచి మీదనే కూసున్న. ఇంటాయన సుత నా పక్కనే కూసున్నడు. ఇద్దరం ఒక్క డబ్బాల రొట్టె తిన్నం. మంచం మీద పడ్డది నాకు రొట్టె ఎట్ల పెట్టిందని రేపు ఆయన అడగడా?”

 కేసు వేసినవాడితో రొట్టె పంచుకు తినడమేమిటని అడిగితే, ఆయన షుగరు మనిషి, ఆకలికి ఆగలేడు అంది. పదిహేనేళ్ళుగా ఆయన కోడళ్ళకు జాకెట్లు కుట్టింది కదా మరి.

“ఆయన చూడకపోయినా నేను పెట్టను దస్కత్,” అంది ఆమె నెమ్మదిగా. “నేను కోర్టుకు రాలేదని నేనే ఎట్ల చెప్త? ఒక్క దినం తప్పలేదు. నా గది పోతే పోతది గాని, నేను రాలేదన్నమాట మాత్రం నా మీద రావద్దు. అసలు అయ్యిందేందో అదే రాయరాదా?”

అసలు అయ్యింది రాయాలంటే అందులో నా పేరు రాయాలి. ఆ మాట ఆమెకు చెప్పలేదు. ఇప్పుడే వస్తానని కిందికి దిగాను. వీధి చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాను, మళ్ళీ నడిచాను. వరసగా రెండు టీలు తాగాను. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది, ఆమె మీద కూడా. ఒక్క సంతకం పెడితే పోయేదానికి ఈవిడకింత పట్టుదలేమిటని తిట్టుకున్నాను. లాయరు తన తప్పు తానే రాసిచ్చిన కాగితం కోర్టు ఫైల్లోకి వెళ్తే మా జూనియర్లంతా ఏమనుకుంటారు, నాన్న ఏమంటారు, నాకంటూ రేపు ఒక బోర్డు పెట్టుకుంటే ఎవరు వస్తారు. ఇవే తిరిగాయి బుర్రలో. పైన ఆమె ఒక్కతే కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె గది గురించి నాకు ఆఖర్న గుర్తొచ్చింది. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పైకి వెళ్ళి ఖాళీ కాగితం తెరిచాను. నాలుగేళ్ళలో మొదటిసారి ఒక అఫిడవిట్‌ను మొదటి వాక్యం నుంచి టైపు చేశాను. ఫలానా రోజున నేను వేరే హాల్లో ఉన్నాను, ఆమె బయట బెంచీ మీద ఉంది, కేసు ఏమైందో చూడకుండానే వాయిదా పడిందని ఆమెకు నేనే చెప్పాను, తర్వాత ఆమె అడిగినప్పుడు కూడా చూడలేదు. మొత్తం ఒక పేజీ అయింది. ఆమె తరఫున ఇంకొకటి, అర పేజీ. ఆ అర పేజీని ఆమెకు వాక్యం వాక్యం చదివి వినిపించాను. విని, ఇంగ్లీషు అక్షరాల మీద వేలు జరుపుతూ “గిప్పుడు సరిగున్నది” అని, తెలుగులో దిట్టంగా సంతకం పెట్టింది.

సీనియర్ గారు నా పేజీని రెండుసార్లు చదివారు.

“నీకు మతి ఉండే చేస్తున్నావా అమ్మాయ్? ఈ కాగితం ఒకసారి లోపలికి వెళ్తే నువ్వు రిటైరయ్యేదాకా అక్కడే ఉంటుంది. ఎవడైనా బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేస్తే?”

“ఆవిడ జ్వరం ఒప్పుకోవట్లేదు సార్. అవతలాయన ఆవిణ్ణి ఆ రోజు చూశాడు.”

“అయితే కేసు వదులుకోమను.”

నేను కాగితం వెనక్కి తీసుకోలేదు.  ఆయన పెన్ను తీసి, ‘మా సీనియర్ ఆఫీసులో’ అన్న మూడు మాటలు కొట్టేసి కాగితం నా వైపు తోశారు. తన పేరు లేకుండా చూసుకున్నారంతే. నాకు కోపం రాలేదు, ఆ పని నేనూ రెండు టీల సేపు చేసినదే.

బుధవారమంతా ఫైలింగ్ సెక్షన్లోనే పోయింది. లాయరు అఫిడవిట్ ఏందీ, పార్టీది కావాలని ఒకసారి వెనక్కి ఇచ్చారు. పార్టీది కూడా ఉందని చూపిస్తే స్టాంపు తక్కువైందన్నారు. స్టాంపు తెస్తే పేజీ నంబర్లు వెయ్యలేదన్నారు. కౌంటర్ మూసే వేళకు మూడు పిటిషన్లకూ నంబర్లు పడ్డాయి. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం కెలుకుతూ కూర్చుంటే అమ్మ “ఏమిటే, కాలుగాలిన పిల్లిలా” అంది. ఏం లేదన్నాను.

గురువారం పదకొండింటికి జడ్జిగారు స్టే పిటిషన్ చేతిలోకి తీసుకున్నారు. ఆవిడ చాలా తక్కువ మాట్లాడే మనిషి. ఎదుటి లాయరు లేచి, ఇదంతా క్లయింటును కాపాడటానికి లాయరమ్మ అల్లిన కథ అన్నాడు. అంతటితో ఆగక, ఆ రోజు ప్రతివాది కోర్టు దరిదాపుల్లోకే రాలేదన్నాడు. ఇంటాయన వెనక బెంచీలో కూర్చుని ఉన్నాడు. జడ్జిగారు నేరుగా ఆయన్నే అడిగారు.

“ఆ రోజు ఆమె వచ్చిందా?”

ఆయన తన లాయరు వైపు చూశాడు, మళ్ళీ నేల చూశాడు. “వచ్చింది మేడం. బయట కూసున్నది,” అన్నాడు చివరికి.

జడ్జిగారు నా వైపు తిరిగారు.

“వాయిదా పడిందని చెప్పింది మీరేనా?”

“నేనే మేడం.”

“చూడకుండా?”

“చూడకుండానే.”

హాలంతా నా వీపునే చూస్తున్నట్టు అనిపించింది. ఆ స్నేహితుడు రెండో వరసలో ఉన్నాడు, అతని పేరు నేను రాయలేదు.  జడ్జిగారు తల వంచి రాసుకుపోయి, పిటిషన్ తేలేదాకా అమలు ఆపమని చెప్పారు. అప్పటికి పదకొండు ముప్పావు అయింది.

ఆర్డరు కాగితం ఫోటో తీసుకుని, బెంచ్ క్లర్క్‌ను అమీనాకు ఫోన్ చెయ్యమని బతిమిలాడి, స్కూటీ మీద చిలకలగూడ చేరేసరికి ఒక మిషను అప్పుడే ఫుట్‌పాత్ మీదికి వచ్చేసింది. కుట్టిన జాకెట్లన్నీ ఒక దుప్పట్లో మూటగట్టి ఉన్నాయి. ఆమె గుమ్మంలో నిలబడి గోడ మీది కొలతల క్యాలెండర్లను ఒక్కొక్కటే ఊడదీస్తోంది. అమీనా ఫోను చెవిన పెట్టుకుని “ఆ, స్టే అయిందా, మంచిది” అన్నాడు. మంచిది అని నిజంగానే అన్నాడు. మిషను లోపలికి పెట్టడానికి తనే ఒక చెయ్యి వేశాడు. ఆమె నా వైపు ఒకసారి చూసి, మేకులకు క్యాలెండర్లు మళ్ళీ తగిలించే పనిలో పడింది.

నెలన్నర తర్వాత రద్దు పిటిషన్, మన్నింపు పిటిషన్ రెండూ మంజూరయ్యాయి. లాయరు చేసిన తప్పుకు పార్టీని శిక్షించకూడదని జడ్జిగారు ఆర్డరులో రాశారు. కేసు మళ్ళీ మొదటికి వచ్చింది, గది నిలిచింది. కారిడార్లో ఇద్దరు ముగ్గురు పెద్ద లాయర్లు నా భుజం తట్టి వెళ్ళారు. మా జూనియర్లు ‘హరిశ్చంద్రుడి చెల్లెలొచ్చింది’ అని ఆటపట్టించారు. నేను లోలోపల పొంగిపోయాను. నిజం చెప్పి గెలిచానని, ఈ కేసును ఇక ప్రాణం పెట్టి వాదిస్తానని, ఆమె ముఖంలో ఆ సంతోషం చూడాలని బయటికి వచ్చాను.

ఆమె చేతిలో ఒక కొత్త వకాలతు ఉంది. అందులో వేరే లాయరు పేరు ఉంది. పాత లాయరుకు అభ్యంతరం లేదని సంతకం కావాలి. ఆ చోట అప్పటికే ఎవరో టిక్కు పెట్టారు.

“ఏంటమ్మా ఇది? గెలిచాం కదా.”

“గెలిచినం బిడ్డా. నీ మీద నాకు కోపం లేదు. నీ అసొంటి పిల్లను నేను చూడలే, నీ తప్పు నువ్వే రాసిచ్చినవు.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “గని నాకున్నది ఒక్కటే గది. నా తాన ఎవరన్న బట్ట ఇచ్చి, నేను కత్తెర తప్పేసి, తప్పు నాదే అని ఒప్పుకుంటే నన్ను మంచిదే అంటరు. అనుకుంట పక్క దుకాణానికి పోతరు.”

 ఇకమీదట జాగ్రత్తగా ఉంటానని అనబోయాను గానీ, ఆ ‘ఇకమీదట’ ఆమె గదిని పణం పెట్టి నేర్చుకోవాల్సింది కాదని ఆ మాట నోటి చివర ఉండగానే తెలిసింది. కిటికీ దిమ్మె మీద కాగితం పెట్టి ‘అభ్యంతరం లేదు’ అని రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేసిచ్చాను. ఆమె తేదీని ఒకటికి రెండుసార్లు చూసుకుని, కాగితాన్ని సంచీలో పెట్టుకుని, కొత్త లాయరు కూర్చున్న వైపు వెళ్ళిపోయింది.